పొలంలో మన ఈగలు, మన తుమ్మెదలు: ప్రకృతి సేద్యం చేసే రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

మందులు మానేసి రెండు మూడేళ్లయిన రైతులు ఫోన్ చేసి అడిగేవి, మా పొలం చూడ్డానికి వచ్చినవాళ్లు గట్టు మీద నిలబడి అడిగేవి, సంఘం మీటింగుల్లో అక్కలు అడిగేవి, అన్నీ దేశీ తేనెటీగలు, తుమ్మెదల గురించినవే, ఇక్కడ ఒకచోట చేర్చాను. మాది పాలమూరు వైపు చెలక, నాలుగెకరాలు. కంది, జొన్న, అనుములు, కొద్దిగా కూరగాయలు. అందుకే ఇందులో మెట్ట పొలాల సంగతే ఎక్కువ ఉంటుంది. కొండ ప్రాంతం వాళ్లకూ, అమెరికాలో భూములు కొన్న మనవాళ్లకూ చివర్లో విడిగా రాశాను.

దేశీ తేనెటీగలంటే ఏవి? తుట్టె పెట్టేవేనా?

తుట్టె పెట్టేవి మనకు బాగా తెలిసినవి. మర్రికొమ్మకో, కొండ చరియకో, వాటర్ ట్యాంకు కిందో చేటంత పట్టు వేలాడదీసేది పెద్ద తేనెటీగ. పొదల్లో, కంపల్లో అరచేయంత ఒంటి పట్టు పెట్టేది జుంటీగ. పుట్టల్లో, చెట్టు తొర్రల్లో వరసగా చాలా పట్లు పెట్టుకునేది పుట్ట తేనెటీగ. గోడ సందుల్లో, కరెంటు మీటరు డబ్బాల్లో మైనంతో సన్నటి గొట్టం కట్టుకుని అందులోంచి వచ్చిపోయే చిన్న నల్ల ఈగలు కుట్టనే కుట్టవు. ఈ నాలుగూ మనవే.

కానీ మన దేశంలో ఉన్న ఏడువందలకు పైగా రకాల్లో తుట్టె పెట్టి తేనె దాచేవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. మిగతావి చాలావరకు ఒంటరి ఈగలు. వీటికి రాణి లేదు, పట్టు లేదు, దాచుకునే తేనె లేదు. ఆడ ఈగ ఒక్కతే గుంత తవ్వుతుంది, లేదా ఎండు పుల్లలో బోలు వెతుక్కుంటుంది. పుప్పొడీ మకరందమూ కలిపి ముద్ద చేసి, దాని మీద ఒక్క గుడ్డు పెట్టి, మూతి మూసి, పక్క గది మొదలుపెడుతుంది. పిల్ల పురుగు ఆ ముద్ద తిని పెరిగి, మళ్లీ పూలు దొరికే కాలం దాకా లోపలే ఉంటుంది. తల్లి బతికేది కొన్ని వారాలు. చాలావాటిలో కన్నబిడ్డను చూడకుండానే పోతుంది.

ఇంతటి గుంపుకు తెలుగులో విడివిడి పేర్లు లేవు. నల్లగా పెద్దగా ఉంటే తుమ్మెద, చిన్నగా ఉంటే ఈగ అనేస్తాం. పేరు లేకపోవడం వల్లే వీటిని ఇన్నాళ్లూ ఎవరూ లెక్కలోకి తీసుకోలేదని నాకు అనిపిస్తుంది.

తేనె ఇవ్వని ఈగతో రైతుకేం పని?

వంకాయ పువ్వు ఒకటి తెంపి దగ్గరగా చూడండి. మధ్యలో పసుపుపచ్చ గొట్టాలు నిలబడి ఉంటాయి. పుప్పొడి వాటి లోపల ఉంటుంది, కొసన మాత్రం సూది మొనంత రంధ్రం. పైన రాలి పడి ఉండదు, ఉప్పు డబ్బాను ఊపినట్టు ఊపితేనే బయటికొస్తుంది. పొట్ట మీద నీలి చారలున్న ఒక ఈగ, నల్ల తుమ్మెద, ఇంకా కొన్ని చిన్న ఒంటరి ఈగలు ఆ గొట్టాలను కాళ్లతో పట్టుకుని, రెక్కలు కదపకుండా ఒళ్లు మాత్రం అదురుస్తాయి. ఉదయం ఎనిమిదింటప్పుడు వంగ మడి పక్కన కూర్చుంటే ఆ చప్పుడు వినిపిస్తుంది: ఎగిరేటప్పటి రొద కాదు, అంతకంటే సన్నగా, తెగి తెగి వచ్చే జుయ్‌మనే మోత. పువ్వు కింద అరచెయ్యి పెడితే పసుపు పొడి రాలుతుంది. పెట్టెల్లో పెంచే తేనెటీగకు ఈ విద్య రాదు. టమాట గాలికే కొంత పిందె కడుతుంది, అయినా ఈ ఈగలు తిరిగిన మడిలో కాయ ఎక్కువ నిలుస్తుంది, బరువూ తూగుతుంది.

కంది పువ్వు మూసిన పెదాల్లా ఉంటుంది. దాన్ని బలంగా నెట్టి తెరిచేవి తుమ్మెదలు, ఆకు కత్తిరించే ఈగలు. పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో కందికి హైబ్రిడ్ తయారుచేసినప్పుడు ఆడ వరసకు పుప్పొడే ఉండదు, పక్క వరస నుంచి మోసుకొచ్చే పని ఈ ఈగలదే. జనుము గింజ కట్టాలన్నా వీటి రాకపోకలు కావాలి. దోస, కాకర, గుమ్మడిలో పోతుపువ్వు వేరు, ఆడపువ్వు వేరు, మధ్యన ఎవరో ఒకరు తిరగాలి. ప్రపంచంలో మనం పండించే ఆహార పంటల రకాల్లో ముప్పావు వంతు ఎంతో కొంత ఈ తిరిగే జీవాల మీదే ఆధారపడ్డాయని ఐక్యరాజ్యసమితి మద్దతుతో పనిచేసే జీవవైవిధ్య వేదిక ఐపీబీఈఎస్ 2016లో లెక్కగట్టింది.

పిందె పసుపెక్కి రాలిపోతుంటే మనం ముందు ఎరువు లోపం అనుకుంటాం. రెండు రోజులు పొద్దున్నే వెళ్లి పూల మీద ఎవరైనా వాలుతున్నారేమో చూసి, ఆ తర్వాత ఎరువు సంగతి ఆలోచించమని నేను చెప్తాను.

మందు కొట్టడం మానేశాం. ఇంకేం చెయ్యాలి?

అందరూ అడిగేది ఇదే. జవాబు చాలామందికి కొత్తగా ఉంటుంది: వాటి ఇల్లు చూడండి.

ఒంటరి ఈగల్లో పదింట ఏడు రకాలు నేలలోనే గూడు పెడతాయి. వాటికి కావలసింది ఎండ తగిలే, నీళ్లు నిలవని, గట్టిపడిన ఖాళీ నేల. మన పొలంలో అది గట్టు, బండి బాట అంచు, పాత కళ్లం, బావి ఒడ్డు, మట్టి గోడ. అంటే పనికిరాని జాగా అని మనం అనుకునేదంతా.

ప్రకృతి సేద్యంలో ఒక చిక్కు ఇక్కడే ఉంది. నేలను ఎప్పుడూ కప్పి ఉంచాలి, ఆచ్ఛాదన వెయ్యాలి అని నేర్చుకున్నాం. అది మంచిదే, తేమ నిలుస్తుంది, వానపాము వస్తుంది. కానీ నాలుగెకరాలూ అంగుళం వదలకుండా కప్పేస్తే నేల తవ్వే ఈగకు తలుపు మూసినట్టే. రెండో ఏడు నేను ఈ తప్పు చేశాను. జొన్న చొప్ప ఎక్కువ మిగిలిందని కంది చేను తూర్పు గట్టు మీద కూడా పరిచేశాను. అంతకుముందు సంవత్సరం ఆ గట్టుకు పెన్సిలు దూరేటంత రంధ్రాలు ఇరవై దాకా ఉండేవి. పొద్దున ఎండ తగిలేసరికి ఒక్కో రంధ్రంలోంచి ఒక్కో మొహం బయటికి చూసేది, ఒళ్లు వెచ్చబడ్డాక ఎగిరిపోయేది, అరగంటలో వెనక కాళ్లకు పసుపు అద్దుకున్నట్టు పుప్పొడితో తిరిగొచ్చి, ఇన్ని రంధ్రాల్లో తనదేదో తడుముకోకుండా దూరిపోయేది. చొప్ప పరిచిన ఏడు ఒక్కటీ కనబడలేదు. చొప్ప తీసేశాక రెండేళ్లకు మళ్లీ ఆరేడు వచ్చాయి. ఇప్పుడు ఆ గట్టును నేను ముట్టుకోను.

పంట ఉన్నచోట కప్పండి. గట్ల మీద, ముఖ్యంగా తూర్పు, దక్షిణం ఎండ పడే వాలులో, అక్కడక్కడా మంచమంత జాగా ఖాళీగా వదలండి. తవ్వకండి, చదును చెయ్యకండి, మట్టి ఎత్తకండి.

అవి చీమల పుట్టలో, ఈగల గూళ్లో ఎలా తెలుస్తుంది?

పావుగంట కూర్చుంటే తెలుస్తుంది. చీమలు వరసగా వస్తూ పోతూ ఉంటాయి. ఈగ గూటికి ఒక్కతే వస్తుంది. రంధ్రం గుండ్రంగా, అంచు నున్నగా, చుట్టూ పొడి మట్టి చిన్న గుట్టగా ఉంటుంది. కందిరీగ కూడా ఇలా తవ్వుతుంది, కానీ అది పురుగునో సాలీడునో పట్టుకొస్తుంది, కాళ్లకు పుప్పొడి ఉండదు. కందిరీగనూ చంపకండి, అది తెచ్చేవాటిలో మీ పంట తినే పురుగులూ ఉంటాయి.

దున్నకుండా ఎలా? రోటవేటర్ వాడొచ్చా?

దున్నొద్దని నేను చెప్పను. కొన్ని గూళ్లు పైపొరలోనే ఉంటాయి, కొన్ని ఇంకా కిందికి పోతాయి. రోటవేటర్ పైపొరను పిండి చేస్తుంది కాబట్టి పైన ఉన్న గదులు పోతాయి. గుమ్మడి, దోస వేసిన మడిలో పాదుల పక్కనే గూడు పెట్టేవి ఉంటాయి. ఆ మడిని వరసగా రెండేళ్లు తేలిగ్గా గుంటకతో సరిపెడితే తేడా కనిపిస్తుంది. మొత్తం పొలం ఒకే వారం దున్నకపోయినా మేలే.

కషాయాలు సహజమైనవే కదా, ఈగలకేం కాదు కదా?

ఈ నమ్మకం గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. పురుగులకు కొట్టే అగ్నాస్త్రం కషాయంలో పొగాకు వేస్తాం. పొగాకులో ఉన్న నికోటిన్ పురుగు నరాలను దెబ్బతీస్తుంది, ఆ పురుగు రసం పీల్చేదా, పుప్పొడి మోసేదా అని అది చూడదు. ఇమిడాక్లోప్రిడ్, థయోమెథాక్సామ్ లాంటి మందులను నియోనికోటినాయిడ్లు అనేది ఎందుకంటే, అవి పనిచేసేది నికోటిన్ పనిచేసే చోటే. ఇమిడాక్లోప్రిడ్, థయోమెథాక్సామ్, క్లోథియానిడిన్ మూడింటినీ ఆరుబయట పంటల మీద వాడకూడదని యూరప్ 2018లో నిషేధించింది. మన అగ్నాస్త్రం వాటిలా నెలల తరబడి మొక్కలో నిలవదు, త్వరగా విరిగిపోతుంది. నిజమే. కానీ తడిగా ఉన్నప్పుడు పువ్వు మీద వాలిన ఈగకు ఆ తేడా తెలియదు.

మా ఇంట్లో పాటించేది ఇది. పేడ, గోమూత్రంతో పులియబెట్టే జీవామృతం నేలకు పోస్తాం, దానికి అభ్యంతరం లేదు. వేపతో చేసే నీమాస్త్రం పూతకు ముందే ముగిస్తాం. పూత మీద ఏ కషాయమూ కొట్టం. తప్పనిసరైతే పొద్దు గూకాక, ఈగలు గూటికి చేరాక, పురుగు ఉన్న మొక్కల వరకే. ఒక్క జాగ్రత్త: బీర పువ్వు సాయంత్రం విచ్చుకుని పొద్దెక్కేసరికి వాడిపోతుంది, సొర రాత్రి పూస్తుంది, దాన్ని రాత్రి తిరిగే చిమ్మట పురుగులు చూసుకుంటాయి. కాబట్టి సాయంత్రం కొడితే ఎప్పుడూ క్షేమమే అనుకోవద్దు. మీ పంట ఎప్పుడు పూస్తుందో చూసి వేళ పెట్టుకోండి.

డబ్బా మీద ఆకుపచ్చ త్రికోణం ఉంటే మంచి మందే కదా?

కాదు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులు ఆ మందు మనిషికి, పశువుకు ఎంత విషమో చెప్తాయి. ఈగల సంగతి ఆ రంగులో లేదు. లోపలి కాగితం మీద సన్న అక్షరాల్లో తేనెటీగల హెచ్చరిక ఉంటే ఉంటుంది, భూతద్దం పెట్టి అయినా చదవండి.

ఒకసారి పట్నంలో ఒక దుకాణంలో నాకూ ఒక సీసా అంటగట్టారు. పూర్తి సేంద్రియం అన్నారు, లోపల ఏముందో ఎక్కడా రాసి లేదు. పొద్దుతిరుగుడుకు పచ్చపురుగు పడిందని కంగారులో కొట్టాను. మర్నాడు పొద్దున మొక్కల కింద జుంటీగలు వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటున్నాయి. చేటలోకి ఊడిస్తే పావు చేట అయ్యాయి. ఆ పంటలో మధ్య గింజలు చాలా వరకు తాలుగా పోయాయి. అప్పటినుంచి లోపల ఏముందో రాయని సీసా మా గడప తొక్కలేదు.

పక్క చేను వాళ్లు పత్తికి మందు కొడతారు. మేం ఒక్కళ్లం మానేస్తే లాభం ఏంటి?

ఉంది. పెద్ద తేనెటీగ కిలోమీటర్ల దూరం పోతుంది, దాన్ని మీరు ఆపలేరు. చిన్న ఒంటరి ఈగలు మాత్రం గూటి నుంచి కొన్ని వందల గజాల్లోనే తిరుగుతాయి. గూడూ పువ్వూ రెండూ మీ చేలోనే దొరికితే అవి పక్క చేనుకు పోవలసిన అవసరం తగ్గుతుంది.

సరిహద్దు వెంట జొన్న గానీ సజ్జ గానీ నాలుగు వరసలు వత్తుగా వెయ్యండి, మందు తుంపర చాలా వరకు అక్కడే ఆగుతుంది. ఈగల కోసం వేసే బంతి, ధనియాలు ఆ పక్కన కాకుండా పొలం నడిమధ్యకు తెండి. ఇక మాట్లాడటం. మా పక్క చేను తమ్ముడికి నేను ప్రకృతి సేద్యం గురించి ఏమీ చెప్పలేదు. "తమ్ముడూ, ఎప్పుడు కొట్టినా ముందురోజు ఒక మాట చెప్పు, పొద్దున కాకుండా సాయంత్రం కొట్టు, నా పుచ్చకు ఈగలు కావాలి" అన్నాను. "దానిదేముందన్నా, చెప్తా" అన్నాడు. చెప్తున్నాడు కూడా.

ఇటాలియన్ తేనెటీగల పెట్టెలు తెచ్చి పెడితే సరిపోదా?

తేనె వ్యాపారం కోసమైతే పెట్టుకోండి, అది ఒక జీవనోపాధి. కానీ దాన్ని ఈగల సంరక్షణ అనకండి. ఆ ఈగ యూరప్‌ది. 1960లలో హిమాచల్‌లో నిలదొక్కుకుని అక్కడినుంచి దేశమంతా పాకింది. ఒక్కో పెట్టెలో వేల ఈగలుంటాయి. పూత తక్కువున్న నెలల్లో నాలుగెకరాల చెలకలో పాతిక పెట్టెలు దింపితే, గట్టున ఉన్న ఒంటరి ఈగ పిల్లల ముద్దకు పుప్పొడి మిగలదు. రోగాలూ ఒకదాన్నుంచి ఒకదానికి పువ్వు మీదుగా పాకుతాయి. కోళ్ల ఫారం పెట్టి పిట్టలను కాపాడుతున్నాం అన్నట్టుంటుంది అది.

పొద్దుతిరుగుడు, ఉల్లి విత్తనం లాంటివి ఎకరాలకెకరాలు వేసినప్పుడు కొన్ని వారాలు పెట్టెలు తెచ్చుకోవడం వేరు. పూత అయిపోగానే పంపించెయ్యండి.

పుట్ట తేనెటీగను పెట్టెలో పెంచుకోవచ్చా?

పెంచుకోవచ్చు, అది మన ఈగే. దగ్గరి ఊళ్ల నుంచి తెచ్చుకోండి, దూరం నుంచి వద్దు. 1991-92 ప్రాంతంలో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ దక్షిణాదిన ఈ ఈగను ఊడ్చేసినంత పని చేసింది. కుటుంబాలను అటూ ఇటూ తిప్పినప్పుడు రోగమూ తిరుగుతుంది. అడవిలో తొర్ర పగలగొట్టి తెచ్చినవాటిని కొనకండి.

ఏ పూలు, ఏ నెలల్లో?

పూలు చాలా ఉన్నాయా అని కాదు, ఏ నెలలో లేవు అని చూసుకోవాలి. మా వైపు లెక్క ఇలా ఉంటుంది.

ఉగాది ముందు వేప పూస్తుంది, వెనకే కానుగ. కానుగ కింద ఏప్రిల్‌లో నిలబడితే చెట్టే రొద చేస్తున్నట్టుంటుంది. తర్వాత చింత. మృగశిర దాటి వానలు పడ్డాక నేల పూలు మొదలు: గడ్డి చామంతి, పల్లేరు, తుమ్మి. నువ్వు వేసినవాళ్ల చేలో ఆ పూత. ఆగస్టు నుంచి తంగేడు, గునుగు, గుమ్మడి, బీర, అంటే బతుకమ్మలో పేర్చేవన్నీ. ఈ వరస నాకెంతో ఇష్టం. ఆడబిడ్డలు గట్ల వెంట పూలేరుకునే రోజులూ, ఒంటరి ఈగలు మా వైపు బాగా కనిపించే రోజులూ ఒకటే. గడ్డిమందు కొట్టిన గట్ల మీద గునుగు పోయింది. ఇప్పుడు బతుకమ్మకు గునుగు కోసం ఆటోలో పోయి కొనుక్కొస్తున్న ఊళ్లున్నాయి. ఆ గట్లలో ఈగ ఎంత మిగిలి ఉంటుందో చెప్పక్కర్లేదు.

రేగు పండగలకు కాస్త ముందు పూస్తుంది. దసరా దాటాక అనుములు, కంది, ఆవాలు, ధనియాలు. సంక్రాంతి తర్వాత కంది కోసేశాక వేప పూసేదాకా మధ్యలో గండి ఉంటుంది. అక్కడ మునగ ఆదుకుంటుంది. పొలానికి పది మునగ చెట్లు చాలు, ఏడాదిలో చాలా నెలలు ఎంతో కొంత పూత ఉంటుంది. తడి ఉన్నవాళ్లు ధనియాలు, మెంతి ఒక మడి గింజకు వదిలేయండి. తులసి కూడా ఊరికే పూస్తూనే ఉంటుంది.

సంకర బంతి ముద్దగా ఉంటుంది, అందులో ఈగకు అందేది తక్కువ. ఒంటి రేకల నాటు బంతి వెయ్యండి.

నవధాన్యాలు చల్లుతున్నాం. అవి చాలవా?

ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ప్రోత్సాహంతో తొలకరికి ముందే ముప్పై దాకా రకాల విత్తనాలు పొడి దుక్కిలో చల్లే పద్ధతి బాగా పాకింది. ఈగలకు ఇది పెద్ద వరం, ఎందుకంటే అలసంద, పెసర, జనుము, నువ్వు, ఆవాలు వేర్వేరు రోజుల్లో పూస్తాయి. ఇబ్బంది ఒక్కటే: చాలామంది పూత మొదలవగానే కలియదున్నేస్తారు. పచ్చిరొట్టకు అదే సరైన అదను అని నాకూ తెలుసు. అందుకే మొత్తం దున్నకుండా ఒక అంచు, రెండు సాళ్లు పూర్తిగా పూసి గింజ కట్టేదాకా వదలండి. మళ్లీ ఏడాదికి విత్తనం కూడా అక్కడే దొరుకుతుంది.

గొర్రెలు, మేకలు ఉన్నాయి. బీడు భూమిలో ఈగలకు చోటెక్కడ?

బీడును పనికిరాని భూమి అని రికార్డుల్లో రాస్తారు. ఈగల లెక్కలో మాత్రం ఊళ్లో అన్నిటికన్నా విలువైన జాగా అదే. దున్నరు, మందు కొట్టరు, నేల గట్టిగా ఉంటుంది, తంగేడు ఉంటుంది. తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడులో తేనె ఉండదు. పుప్పొడి మాత్రమే, అదీ వంకాయ పువ్వులా అదురుస్తేనే రాలుతుంది. నల్ల తుమ్మెద తంగేడు మీద పనిచేస్తుంటే కొమ్మ వంగిపోతుంది. మేకలు తంగేడు జోలికి పెద్దగా పోవు కాబట్టి అది నిలిచి ఉంది. తక్కిన చిన్న పూల మొక్కలను గొర్రెలు మొదలంటా మేసేస్తాయి.

మంద ఏడాది పొడుగునా ఒకేచోట తిరగకుండా బీడును మూడు ముక్కలుగా అనుకోండి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వంతులవారీగా ఒక ముక్కను వదిలేయండి, అక్కడ పూసి గింజ రాలనివ్వండి. తర్వాత మేపండి. గిట్టల తొక్కుడు కొద్దిగా ఉంటే నేల గట్టిపడి గూళ్లకు అనువవుతుంది, ఎక్కువైతే గూళ్లు కూలుతాయి. కోత తర్వాత చేలో మంద కట్టించుకునే పాత పద్ధతి ఎరువుకు మంచిదే, గూళ్లున్న గట్టు పక్కన మాత్రం రాత్రి మంద నిలపొద్దు.

ఇక ఎండాకాలం గట్లు, బీళ్లు తగలబెట్టడం. దీనికి మాత్రం ఏ మినహాయింపూ చెప్పలేను. ఎండు పుల్లల్లో, గడ్డి దుబ్బుల్లో వచ్చే ఏడాది ఈగలన్నీ ఆ నెలల్లో నిద్రలో ఉంటాయి.

వెదురు బొంగుల గూళ్లు పెడితే వస్తాయా?

వస్తాయి. కానీ ఇది చివర చేసే పని, మొదటిది కాదు. పుల్లల్లో గూడు పెట్టే రకాలకే ఇది పనికొస్తుంది. సన్నని వెదురు, ఎండిన ఆముదం కట్టెలు జానెడు ముక్కలుగా కోసి, ఒక కొస కణుపుతోనో మట్టితోనో మూసి, కట్టగా కట్టి, వాన తగలని చూరు కింద తూర్పు ముఖంగా కదలకుండా బిగించండి. బోలు అగ్గిపుల్ల మందం నుంచి చిటికెన వేలి మందం దాకా రకరకాలుగా ఉండనివ్వండి. ఏడాదికోసారి ఖాళీ అయినవి మార్చెయ్యాలి, లేదంటే నల్లులూ బూజూ పడతాయి. రంధ్రం మూతికి గుండ్రంగా కత్తిరించిన ఆకు ముక్కలు అతికించి ఉంటే ఆకు కత్తిరించే ఈగ కాపురం పెట్టినట్టు. గులాబీ, కంది ఆకుల అంచున అర్ధచంద్రాల్లా కోతలు కనిపిస్తే అది దీని పనే, పురుగు అనుకుని మందు కొట్టకండి.

ఇంతకంటే సులువైంది, కంది కట్టె, ఆముదం కట్టె మొత్తం పొయ్యిలోకి పోకుండా రెండు మోపులు గట్టు మూలన ఏడాది పాటు వదిలెయ్యడం.

నల్ల తుమ్మెదలు ఇంటి దూలం తొలుస్తున్నాయి. చంపాలా?

వద్దు. రంగు గానీ వార్నీషు గానీ వేసిన కర్రను సాధారణంగా తొలవవు. ఖాళీ అయిన రంధ్రాలు మూసి నూనె రంగు వెయ్యండి, పెరట్లో ఒక ఎండు మునగ మొద్దో వెదురో వాటికి వదలండి.

వాటర్ ట్యాంకుకు పెద్ద తేనెటీగ పట్టు పెట్టింది. బళ్లో పిల్లలున్నారు. ఏం చెయ్యాలి?

భయం న్యాయమైనదే, పెద్ద తేనెటీగ గుంపుగా దాడి చేస్తుంది. కాగడా పెట్టడం, రాయి విసరడం, బాణసంచా కాల్చడం వల్లే చాలా ప్రమాదాలు జరుగుతాయి. ఇవి కాలాన్ని బట్టి వలసపోయే ఈగలు, కొన్ని నెలలకు వాటంతటవే పట్టు వదిలి వెళ్తాయి. అప్పటిదాకా కింద దారి మళ్లించండి, తాడు కట్టండి. ఆగలేని చోటైతే తేనె తీయడం తెలిసినవాళ్లను పిలిచి రాత్రిపూట పొగతో జరిపించండి. ఎగబడితే చేతులు విసరకుండా మొహం కప్పుకుని మూసిన గదిలోకి పరిగెత్తాలి. ఎక్కువ కుట్టినా, ఊపిరి ఆడకపోయినా, మొహం ఉబ్బినా వెంటనే ఆసుపత్రికి.

ఒంటరి ఈగల గురించి మాత్రం భయం వద్దు. కాపాడుకోవడానికి వాటికి తుట్టె లేదు, చేత్తో నలిపితే తప్ప కుట్టవు. మగవాటికి కొండి అసలే ఉండదు.

పొలంలో పట్టిన తేనె తీసుకోవచ్చా?

తీసుకోండి, పట్టు మొత్తం పిండకండి. జుంటీగ పట్టులో తేనె కొమ్మ చుట్టూ పై భాగంలో ఉంటుంది, కింద ఉన్నది పిల్లలు. పైభాగం మాత్రం కోసి, పిల్లలున్న భాగాన్ని పుల్లతో మళ్లీ కొమ్మకు ఆనించి కడితే చాలాసార్లు ఈగలు తిరిగొస్తాయి. నల్లమలలో చెంచులు తరతరాలుగా కొండ చరియల నుంచి తేనె తీస్తున్నారు. ఎంత తీయాలి, ఎప్పుడు తీయాలి అన్నది వాళ్లను అడిగి నేర్చుకోవలసిన విద్య.

మాది అరకు వైపు. కాఫీ, వలిసెలు ఉన్నాయి. మాకేమైనా వేరుగా ఉందా?

మీ దగ్గర పని సగం అడవే చేస్తోంది. వలిసె అనే ఈ నూనెగింజ మొక్క తన పుప్పొడితో తాను గింజ కట్టలేదు, ఒక మొక్కది ఇంకో మొక్కకు చేరాల్సిందే. నవంబరులో పసుపు పరిచినట్టుండే ఆ చేలు గింజగా మారేది ఈగల వల్లే. ఫొటోలు దిగడానికి వచ్చేవాళ్లు చేలు తొక్కేయకుండా చూసుకోండి. కాఫీ వాన పడ్డాక ఒక్కసారే పూసి రెండు మూడు రోజుల్లో ముగుస్తుంది. ఆ రోజులకు ఈగలు సిద్ధంగా ఉండాలంటే మిగతా ఏడాదంతా నీడ చెట్లు వాటిని పోషించాలి. సిల్వర్ ఓక్ ఒక్కటే కాకుండా నేరేడు, పనస, కానుగ కలిసి ఉండనివ్వండి. తొర్ర ఉన్న ముసలి చెట్టును కొట్టకండి.

టెక్సాస్‌లో పదిహేనెకరాలు కొన్నాం. పన్ను తగ్గుతుందని తేనెటీగల పెట్టెలు పెట్టమంటున్నారు. అది మంచిదేనా?

అక్కడ 5 నుంచి 20 ఎకరాల మధ్య భూమిలో తేనెటీగలు పెంచితే వ్యవసాయ భూమిగా పన్ను లెక్కగడతారు, అందుకే ఆ సలహా. పన్నుకు అది సరే. అయితే పెట్టెల్లోది అమెరికా ఈగ కాదు, 1622లో వర్జీనియాకు ఓడలో వచ్చిన యూరప్ ఈగ. అక్కడి సొంత ఈగలు దాదాపు నాలుగు వేల రకాలు. బంబుల్ బీలు అనే బొచ్చు ఈగలు మన దక్షిణాదిలో లేవు, మీకు ఎదురుగా కనిపిస్తాయి. గుమ్మడి జాతి మీదే బతికే ఈగ ఒకటి మీరు పెరట్లో వేసిన గుమ్మడి పాదుల దగ్గర నేలలోనే గూడు పెట్టవచ్చు, ఆ మడిని లోతుగా తవ్వకండి. పెట్టెలు నియమానికి సరిపడా పెట్టి, మిగతా భూమిలో స్థానిక గడ్డి, పూల మొక్కలు పెరగనివ్వండి. పశువులను గళ్లు మార్చి మేపండి, చలికాలం ఎండు కాడలు కొయ్యకుండా నిలబెట్టండి.

ఈగలు పెరుగుతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది?

ఒక నోటుబుక్కు చాలు. నెలకు రెండుసార్లు, ఎండ ఉన్న రోజు, తొమ్మిదింటికి, ప్రతిసారీ అదే చోట పావుగంట నిలబడండి. పూల మీద వాలినవాటిని ఐదు వరసల్లో రాయండి: పెద్ద తేనెటీగ, పుట్ట తేనెటీగ, జుంటీగ, నల్ల తుమ్మెద, మిగతా చిన్న ఈగలు. పేర్లు తెలియకపోతే పర్వాలేదు, రంగు రాయండి. రెండే రెక్కలుండి, పెద్ద కళ్లు, పొట్టి మీసాలు ఉంటే అది మామూలు ఈగ జాతి, పక్కన వేరే వరసలో వెయ్యండి. గట్టు మీద రంధ్రాలు కూడా ఎంచండి.

మొదటి ఏడాది అంకెలు చూసి ఏమీ తేల్చకండి, వాన ఎక్కువ తక్కువలతో అవి ఊగుతాయి. మూడో ఏటికి ఒక తీరు కనబడుతుంది. మా బుక్కులో లెక్క రాసేది మా చిన్నమ్మాయి. నీలి చారల ఈగకు అది పెట్టుకున్న పేరు "గాజుల ఈగ". పోయిన కార్తీకంలో వంగ మడి దగ్గర పావుగంటలో పదకొండు గాజుల ఈగలు రాసింది.